నో డిస్‌ప్లే: కొత్తగా అసెంబుల్ చేసిన కంప్యూటర్‌లో తెర వెలగకపోవడం

విడిభాగాలు కొని కొత్తగా బిగించిన కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చి బటన్ నొక్కాక మానిటర్ మీద ఏమీ కనిపించకపోవడాన్ని సర్వీసు రంగంలో ‘నో డిస్‌ప్లే’ అంటారు. ఇది లక్షణం పేరే గాని ఫలానా లోపం పేరు కాదు. విద్యుత్తు అందించే ఎస్‌ఎంపీఎస్ మొదలు మానిటర్ కేబుల్ దాకా ఎక్కడ తేడా వచ్చినా పైకి కనిపించేది అదే నల్ల తెర.

వాడుకలో ఉన్న కంప్యూటర్‌కు వచ్చే నో డిస్‌ప్లేకూ, కొత్త బిగింపులో వచ్చేదానికీ నిర్ధారణలో చాలా తేడా ఉంది. పాతదాంట్లో నిన్నటిదాకా నడిచిన భాగమేదో పాడై ఉంటుంది. కొత్తదాంట్లో ఆ భాగాలన్నీ కలిసి ఒక్కసారైనా పనిచేసిన దాఖలా లేదు. కాబట్టి బిగింపులో పొరపాటు, భాగాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం, బోర్డును నడిపించే ఫర్మ్‌వేర్ అయిన బయాస్ పాతది కావడం అనే మూడింటినీ ముందు చూస్తారు. భాగమే చెడిపోయి వచ్చిందన్న నిర్ణయానికి చివర వస్తారు.

నిర్వచనం, పరిధి

వాడకందార్లు ఒకే మాటతో చెప్పే ఫిర్యాదులో సాంకేతికంగా మూడు వేర్వేరు స్థితులున్నాయి. బటన్ నొక్కినా ఫ్యాను కూడా తిరగకపోతే అది ‘నో పవర్’. ఫ్యాన్లు తిరిగి, దీపాలు వెలిగి, ప్రారంభ స్వీయ పరీక్ష (పోస్ట్) పూర్తికాకపోతే ‘నో పోస్ట్’. పరీక్ష పూర్తయి, యంత్రం లోపల నడుస్తూనే ఉండి, బొమ్మ మాత్రం తెరకు చేరకపోతే అది అసలైన నో డిస్‌ప్లే. మానిటర్ మీద ‘నో సిగ్నల్’ అన్న అక్షరాలు కనిపించాయంటే మానిటర్ బాగానే ఉందని, దానికి సిగ్నలే అందడం లేదని అర్థం. తయారీదారు లోగో ఒకసారి కనిపించి, విండోస్ మొదలయ్యాక తెర నల్లబడితే అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు. ఆ చిక్కు ఎక్కువగా డ్రైవర్లదో, రెండో తెర సెట్టింగులదో అయి ఉంటుంది.

చరిత్ర

తెలుగు నేల మీద కంప్యూటర్ తయారీ హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌తో మొదలైంది. డాక్టర్ ఎ.ఎస్. రావు సారథ్యంలో 1967లో ఏర్పడిన ఈ ప్రభుత్వ రంగ సంస్థ టీడీసీ-12, టీడీసీ-316 వంటి మినీ కంప్యూటర్లను తయారుచేసింది. ఆ తరం యంత్రాల్లో లోపాన్ని ముందు ప్యానెల్ మీది దీపాలు, స్విచ్‌ల సాయంతో ఇంజనీర్లే వెతికేవారు. యంత్రం తనను తానే పరీక్షించుకుని, తప్పును వాడకందారుకు చెప్పే పద్ధతి సామాన్యుడి దాకా వచ్చింది ఐబీఎం పీసీతో. 1981 ఆగస్టులో విడుదలైన ఆ కంప్యూటర్ ‘పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్’ పూర్తికాగానే ఒక చిన్న బీప్ ఇచ్చేది. డిస్‌ప్లే కార్డులో లోపముంటే ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు మోగేవి. తెరే లేనప్పుడు చెవికి చెప్పడం ఒక్కటే దారి. ఆ ఏర్పాటు నలభై ఏళ్లు దాటినా ఇంకా వాడుకలో ఉంది.

1984 నవంబరు నాటి కేంద్ర కంప్యూటర్ విధానం దిగుమతి ఆంక్షలను సడలించింది. 1997లో భారతదేశం సమాచార సాంకేతిక ఉత్పత్తుల ఒప్పందంలో చేరాక విడిభాగాల మీద సుంకాలు క్రమంగా తగ్గాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరి నోటా ‘సీటీసీ’, ఈ ప్రాంతానికి విడిభాగాల మార్కెట్‌గా స్థిరపడింది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సులు నేర్చుకున్న కుర్రాళ్లు జిల్లాలకు తిరిగి వెళ్లి అసెంబ్లింగును జీవనోపాధి చేసుకున్నారు.

నో డిస్‌ప్లే స్వభావాన్ని మార్చిన సాంకేతిక మలుపులు నాలుగు. ఇంటెల్ 1995లో ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణంతో పవర్ బటన్ కరెంటును నేరుగా తెంచే స్విచ్‌గా ఉండడం మానేసి, మదర్‌బోర్డుకు సంకేతం పంపే మీటగా మారింది. 2000లో పెంటియం 4తో ప్రాసెసర్‌కు విడిగా 12 వోల్టుల కనెక్టర్ వచ్చింది. దాన్ని పెట్టడం మరచిపోవడమనే కొత్త పొరపాటూ దానితోనే పుట్టింది. మూడోది మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోకి చేరడం: ఏఎండీ ఆ పని 2003లో, ఇంటెల్ 2008లో చేశాయి. నాలుగోది గ్రాఫిక్స్ కూడా ప్రాసెసర్‌లోకి చేరడం. ఇంటెల్ 2010లో రెండు చిప్‌లను ఒకే ప్యాకేజీలో పెట్టి, 2011లో సాండీ బ్రిడ్జ్‌తో ఒకే చిప్ చేసింది. అంతకుముందు మదర్‌బోర్డు వెనుక ఉన్న వీజీఏ పోర్టు పనిచేయాలంటే గ్రాఫిక్స్ ఉన్న చిప్‌సెట్ బోర్డు ఉంటే చాలు. ఇప్పుడు ఆ పోర్టు పనిచేస్తుందా లేదా అన్నది సాకెట్‌లో ఏ ప్రాసెసర్ ఉందన్నదాని మీద ఆధారపడి ఉంది. పాత అలవాటున్న మెకానిక్‌లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

ప్రాంతీయ నేపథ్యం: స్టేషన్ ఘన్‌పూర్

విడిభాగాల మార్కెట్‌కు దూరంగా ఉన్న ఊళ్లకు ఉదాహరణగా స్టేషన్ ఘన్‌పూర్‌ను తీసుకోవచ్చు. ఇది జనగామ జిల్లాలో మండల, రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా వరంగల్ జిల్లాలో ఉండేది. సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం, 163వ నంబరు జాతీయ రహదారి రెండూ ఈ ఊరి మీదుగానే వెళ్తాయి. విడిభాగాల కోసం తూర్పున హనుమకొండ, వరంగల్ వైపు గాని, పడమరన సికింద్రాబాద్ వైపు గాని వెళ్లాలి. లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

ఈ భౌగోళిక స్థితికీ నిర్ధారణ క్రమానికీ నేరుగా సంబంధం ఉంది. సీటీసీలో కూర్చున్న మెకానిక్‌కు అనుమానం వస్తే పక్క కౌంటర్ నుంచి మరో ర్యామ్, మరో బోర్డు తెచ్చి మార్చి చూస్తాడు. సర్వీసు రంగంలో దీన్నే ‘స్వాపింగ్’ అంటారు. మండల కేంద్రంలో మారుభాగాలు చేతిలో ఉండవు. ఏ భాగం చెడిందో తేల్చకుండా బస్సెక్కితే రానుపోను ఒక పూట పోతుంది, దాంతోపాటు తప్పు భాగాన్ని మార్చుకొచ్చే ప్రమాదమూ ఉంది. అందువల్ల ఇలాంటి ఊళ్లలో ఉన్న భాగాలతోనే ఒక్కో అనుమానాన్ని తొలగించుకుంటూ పోయే పద్ధతికి విలువ ఎక్కువ.

జిరాక్స్ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, ఫోటో స్టూడియోలు, డీటీపీ దుకాణాల వంటి చోట్ల కొత్త ప్రాసెసర్‌కు పాత వీజీఏ మానిటర్‌ను తగిలించడం, కొత్త బోర్డుకు పాత ఎస్‌ఎంపీఎస్‌ను వాడడం మామూలు. ఖర్చు కలిసివచ్చే పద్ధతే. కింద చెప్పే చాలా కారణాలకు మూలం మాత్రం ఈ పాత–కొత్త కలగలుపే.

పనితీరు: బటన్ నుంచి తెర దాకా

ఎస్‌ఎంపీఎస్‌కు 230 వోల్టుల సరఫరా అంది, వెనుక స్విచ్ ఆన్‌లో ఉంటే బటన్ నొక్కకముందే 5 వోల్టుల స్టాండ్‌బై విద్యుత్తు మదర్‌బోర్డుకు చేరుతుంది. బోర్డు మీద చిన్న దీపం వెలిగేది దీనితోనే. బటన్ నొక్కితే ముందు ప్యానెల్‌లోని రెండు పిన్నులు క్షణకాలం కలుస్తాయి. బోర్డు అప్పుడు 24 పిన్నుల కనెక్టర్‌లోని ఆకుపచ్చ తీగను గ్రౌండ్‌కు లాగుతుంది. ఎస్‌ఎంపీఎస్ మేల్కొని 12, 5, 3.3 వోల్టులు ఇస్తుంది. అవి నిలకడకు వచ్చాక ‘పవర్ గుడ్’ సంకేతం పంపుతుంది. ఆ సంకేతం వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది.

తర్వాత ప్రాసెసర్ బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్‌ను చదవడం మొదలుపెడుతుంది. దీన్ని ఇప్పటికీ బయాస్ అనే పిలుస్తున్నా, నేటి బోర్డుల్లో ఉండేది దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ. ఫర్మ్‌వేర్ ముందుగా ప్రాసెసర్‌ను గుర్తించి, ఆ తర్వాత మెమరీని సిద్ధం చేస్తుంది. ర్యామ్ చిప్‌లకూ ప్రాసెసర్‌కూ మధ్య సంకేతాల సమయాలను సరిచూసుకునే ఈ దశను మెమరీ ట్రైనింగ్ అంటారు. అది ముగిశాకే గ్రాఫిక్స్ వంతు.

ఈ వరుసను గుర్తుపెట్టుకోవడం అవసరం. బొమ్మ తెర మీదికి రావడం చివరి మెట్లలో ఒకటి కాబట్టి దానికి ముందున్న ఏ మెట్టు తప్పినా, ఫలానాది తప్పిందని తెర మీద రాసి చూపే వీలుండదు. ర్యామ్ సరిగా కూర్చోని యంత్రం ‘ర్యామ్ లేదు’ అని చెప్పలేకపోవడానికి కారణం ఇదే. హార్డ్‌డిస్క్, ఎస్‌ఎస్‌డీ, విండోస్ ఇవేవీ ఈ వరుసలో ఇంకా రాలేదు. కాబట్టి నో డిస్‌ప్లేకు విండోస్ మళ్లీ ఎక్కించడం పరిష్కారం కాదు.

రకాలు

బటన్ నొక్కినప్పుడు యంత్రం ఎలా స్పందిస్తుందన్న దాన్నిబట్టి లోపాన్ని ఐదు రకాలుగా విడదీస్తారు.

ఏ చలనమూ లేకపోతే సరఫరా, ఎస్‌ఎంపీఎస్ వెనుక స్విచ్, 24 పిన్నుల కనెక్టర్, ముందు ప్యానెల్ తీగలు అనుమానితాలు. ఫ్యాను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతే ఎక్కడో షార్టు ఉండి ఎస్‌ఎంపీఎస్ తన రక్షణ కోసం ఆగిపోతోందని భావించాలి. ఫ్యాన్లు నిలకడగా తిరుగుతూ, కీబోర్డు మీద నమ్‌లాక్ దీపం మారకపోతే ప్రాసెసర్, మెమరీ, బయాస్ దశల్లో ఆగినట్టు. కొన్ని సెకన్లకోసారి తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంటే ఎక్కువగా మెమరీ ట్రైనింగ్ విఫలమై బోర్డు మళ్లీ ప్రయత్నిస్తోందని అర్థం. నమ్‌లాక్ నొక్కితే దీపం వెలిగి ఆరుతుంటే మాత్రం యంత్రం నడుస్తున్నట్టే. వెతకాల్సింది కేబుల్, పోర్టు, మానిటర్, గ్రాఫిక్స్ కార్డుల్లో.

ఐదో రకాన్ని మొదటే గుర్తిస్తే మిగతా పని సగం తప్పుతుంది.

కారణాలు

విద్యుత్ కనెక్షన్లు

అతి సాధారణ కారణం ప్రాసెసర్‌కు చెందిన 4 లేదా 8 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ పెట్టకపోవడం. ఇది బోర్డు పైభాగంలో, క్యాబినెట్ మూలలో ఉండడం వల్ల చేయి దూరక చివర పెడదామనుకుని వదిలేస్తారు. అది లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి. అందుకే అనుమానం రాదు. గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 8 పిన్నుల కనెక్టర్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గాని ఆకారంలో చిన్న తేడాలున్నాయి, 12 వోల్టుల తీగలు, గ్రౌండ్ తీగలు తారుమారుగా ఉంటాయి. బలవంతంగా దూర్చితే 12 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కు తగులుతాయి. విడదీసే కేబుళ్లున్న మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లలో ఒకదాని కేబుల్ మరోదానికి వాడకూడదు. బోర్డు వైపు కొసకు ప్రమాణం ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు లేదు.

ర్యామ్

డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే అయినా గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాటులో ఇంకోటి దిగదు. దిగిందనుకుని సగంలో వదిలేసిన మాడ్యూలే అసలు చిక్కు. ఒకే వైపు క్లిప్పు ఉన్న స్లాట్లలో క్లిప్పులేని వైపు పూర్తిగా దిగిందో లేదో కంటికి తెలియదు. రెండు చివరలా బొటనవేళ్లతో గట్టిగా అదమాలి. నాలుగు స్లాట్ల బోర్డులో ఒకే ర్యామ్ ఉంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాటులో, రెండుంటే రెండు, నాలుగు స్లాట్లలో పెట్టమని చాలామంది తయారీదారులు సూచిస్తారు.

పాత మార్కెట్లో చవకగా దొరికే సర్వర్ల రిజిస్టర్డ్ ర్యామ్ మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో పనిచేయదు. డీడీఆర్4 దాకా అది స్లాటులో మాత్రం చక్కగా దిగుతుంది.

ఏఎండీ ఏఎం5 సాకెట్ బోర్డుల్లో డీడీఆర్5 మెమరీకి మొదటిసారి ట్రైనింగ్ జరిగేటప్పుడు తెర చాలా నిమిషాలు నల్లగా ఉండవచ్చు. ఇది లోపం కాదు. రెండు నిమిషాలకే కంగారుపడి ఆపేస్తే మొదటికొస్తుంది. కనీసం 10–15 నిమిషాలు వదిలేసి చూడాలి.

ర్యామ్ పిన్నులను రబ్బరుతో రుద్దడం మన దగ్గర తాతల నాటి చిట్కాగా స్థిరపడింది. ఏళ్ల తరబడి వాడిన మాడ్యూల్ మీది పొర వదిలించడానికి అది కొంత ఉపయోగపడుతుంది. సీలు విప్పిన కొత్త ర్యామ్‌కు దాని అవసరం లేదు. రబ్బరు పొట్టు స్లాటులో పడితే కొత్త తలనొప్పి.

ప్రాసెసర్, సాకెట్

ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 2004 నుంచి, ఏఎండీ సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 2022లో ఏఎం5 నుంచి పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటున్నాయి. ఎల్‌జీఏ 1700లో 1700, ఏఎం5లో 1718. వెంట్రుక మందాన ఉండే ఈ పిన్నుల్లో ఒకటి వంగితే ఫలితం అది ఏ పనికి చెందిందన్నదాన్ని బట్టి ఉంటుంది. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంది కాబట్టి సాకెట్‌లో వంగిన పిన్ను ర్యామ్ స్లాటు చచ్చిపోయినట్టుగా కనిపించవచ్చు. రెండు స్లాట్లలో ఒకదాంట్లోనే డిస్‌ప్లే వస్తుంటే స్లాటును తిట్టుకునే ముందు ప్రాసెసర్ తీసి సాకెట్ చూడడం మంచిది. చూసే పద్ధతి సులువే: ఫోన్ టార్చిని సాకెట్‌కు పక్క నుంచి, దాదాపు బల్లపరుపుగా పట్టుకుని, బోర్డును నెమ్మదిగా తిప్పాలి. సరిగా ఉన్న పిన్నుల కొసలు వరుసగా ఒకే కోణంలో మెరుస్తాయి. వంగినది ఆ వరుసలో నల్ల చుక్కగానో, తప్పు దిక్కున మెరిసే చుక్కగానో బయటపడుతుంది.

ఏఎం4 వరకు ఏఎండీ ప్రాసెసర్లకే పిన్నులుండేవి, ఏఎం4లో వాటి సంఖ్య 1331. కూలర్‌ను పైకి లాగినప్పుడు పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడివచ్చి పిన్నులు వంగడం ఆ తరంలో మామూలు సంగతి. మెలితిప్పుతూ తీస్తే ఈ ప్రమాదం తగ్గుతుంది.

ఒకే సాకెట్ పేరు ఉన్నంత మాత్రాన పొసగుతుందని అనుకోకూడదు. ఎల్‌జీఏ 1151కు 6, 7 తరాల ప్రాసెసర్లూ, 8, 9 తరాలవీ రెండూ వస్తాయి. కానీ హెచ్110 బోర్డులో ఐ3-8100 పెడితే చక్కగా కూర్చుంటుంది, నడవదు. దానికి హెచ్310 వంటి 300 శ్రేణి చిప్‌సెట్ కావాలి. పాత భాగాలు కొని కలిపేవారు ఎక్కువగా దెబ్బతినేది ఈ జంట దగ్గరే.

బయాస్ వెర్షన్

బోర్డు తయారైన తర్వాత మార్కెట్లోకి వచ్చిన ప్రాసెసర్‌ను ఆ బోర్డులోని పాత బయాస్ గుర్తించలేదు. 2018లో వచ్చిన బీ450 బోర్డుల్లో 2020 నాటి రైజెన్ 5000 శ్రేణి నడవాలంటే అప్‌డేట్ తప్పనిసరి. 12వ తరం కోసం వచ్చిన హెచ్610 బోర్డుల్లో 13, 14 తరాలకూ అంతే. 2012లో మూడో తరం వచ్చినప్పుడు హెచ్61 బోర్డులతోనూ ఇదే జరిగింది. దుకాణంలో చాలాకాలం నిల్వ ఉన్న బోర్డు చవకగా దొరికినప్పుడు ఈ కోణం గుర్తుంచుకోవాలి. బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లోని ప్రాసెసర్ పట్టికలో ఏ ప్రాసెసర్‌కు ఏ బయాస్ వెర్షన్ నుంచి మద్దతు ఉందో రాసి ఉంటుంది.

పరిష్కారాలు మూడు. బోర్డుకు ‘బయాస్ ఫ్లాష్‌బ్యాక్’ బటన్ ఉంటే ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి అప్‌డేట్ చేయవచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైలుకు తయారీదారు చెప్పిన పేరే పెట్టాలి. అది లేకపోతే పాత తరం ప్రాసెసర్ ఉన్న దుకాణంలో చేయించుకోవాలి. మూడో దారి చిప్ లెవల్ సర్వీసింగ్ చేసేవారి దగ్గర సీహెచ్341ఏ వంటి ప్రోగ్రామర్‌తో ఫ్లాష్ చిప్‌లోకే నేరుగా రాయించడం.

డిస్‌ప్లే మార్గం

పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 1000 నుంచి 5000 శ్రేణి దాకా ‘జీ’ అక్షరం ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉంది. 7000 శ్రేణి నుంచి ‘ఎఫ్’ రకాలు మినహా చాలావాటికి ఇచ్చారు. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ పెట్టి బోర్డు పోర్టుకు హెచ్‌డీఎంఐ తగిలిస్తే బొమ్మ ఎన్నటికీ రాదు. కార్డు ఉన్నప్పుడు కేబుల్ కార్డుకే పెట్టాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నా, కార్డు కనిపించగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి.

వీజీఏ మానిటర్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఎన్‌విడియా 2016లో తెచ్చిన జీటీఎక్స్ 10 శ్రేణి నుంచి కార్డుల్లో అనలాగ్ సిగ్నలే లేదు. డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చే చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టర్ కావాలి. ఒక కొసన హెచ్‌డీఎంఐ, మరో కొసన వీజీఏ ఉన్న, లోపల ఏ చిప్పూ లేని కేబుళ్లు చవకగా అమ్ముతారు. అవి కార్డుకూ మానిటర్‌కూ సరిగ్గా బిగుసుకుంటాయి, పని మాత్రం చేయవు. కన్వర్టర్ మీద అనుమానం ఉంటే ఇంట్లోని హెచ్‌డీఎంఐ టీవీకి నేరుగా తగిలించి చూస్తే సరిపోతుంది.

పాత గ్రాఫిక్స్ కార్డుల్లో కొన్నింటికి యూఈఎఫ్ఐకి కావలసిన వీడియో ఫర్మ్‌వేర్ లేదు. పాత పద్ధతిని అనుకరించే సీఎస్ఎం సదుపాయం తీసేసిన, లేదా ఆఫ్ చేసిన కొత్త బోర్డుల్లో వాటితో ప్రారంభ తెర రాదు. డిస్‌ప్లేపోర్ట్ 1.3, 1.4 మానిటర్లతో కొన్ని పాత కార్డులు విండోస్ వచ్చేదాకా నల్లగా ఉండిపోతుంటే ఎన్‌విడియా 2018లో ప్రత్యేక అప్‌డేట్ విడుదల చేసింది. ఆ కార్డులను హెచ్‌డీఎంఐతో నడిపి చూడవచ్చు.

షార్టు

మదర్‌బోర్డు క్యాబినెట్ రేకుకు తగలకుండా కింద ఇత్తడి స్టాండాఫ్‌లు ఉంటాయి. పాత క్యాబినెట్‌లో మరో సైజు బోర్డు కోసం బిగించిన స్టాండాఫ్ ఒకటి తీయకుండా వదిలేస్తే, అది కొత్త బోర్డు వెనుక రంధ్రం లేని చోట సోల్డర్ మొనలకు తగులుతుంది. వెనుక పోర్టుల రేకుకు ఉండే స్ప్రింగు నాలుకలు యూఎస్‌బీ లేదా ల్యాన్ సాకెట్ లోపలికి మడతపడడం, జారిపోయిన స్క్రూ బోర్డు కింద ఉండిపోవడం ఇతర కారణాలు.

నిర్ధారణ పద్ధతి

ముందు ఏమీ విప్పకుండా చూడాల్సినవి చూడాలి: మానిటర్ ఇన్‌పుట్ సరైన పోర్టుకు ఎంచుకున్నారా, కేబుల్ ఏ పోర్టుకు ఉంది, ప్రాసెసర్ పేరులో ఏ అక్షరం ఉంది, 24 పిన్నుల కనెక్టర్, 8 పిన్నుల కనెక్టర్ రెండూ క్లిక్కుమనేలా కూర్చున్నాయా, కార్డుకు విడి పవర్ ఇచ్చారా. ఈ ఐదింటిలోనే తేలిపోయే కేసులు ఎన్నో.

తేలకపోతే కనీస అమరికకు రావాలి. బోర్డును క్యాబినెట్ నుంచి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెడతారు. యాంటీ స్టాటిక్ సంచి మీద పెట్టకూడదు. కొన్ని సంచుల పైపొరకు విద్యుత్ వాహకత ఉంటుంది. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, రెండు పవర్ కనెక్టర్లు, మానిటర్ తప్ప మిగతావన్నీ తీసేస్తారు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు కూడా తీస్తారు. తర్వాత ముందు ప్యానెల్ తీగలు పెట్టే చోట ‘పవర్ స్విచ్’ అని రాసిన రెండు పిన్నులకు స్క్రూడ్రైవర్ కొసను క్షణం తగిలించి ఆన్ చేస్తారు. ఇక్కడ డిస్‌ప్లే వస్తే లోపం క్యాబినెట్‌లోనో, తీసేసిన భాగంలోనో ఉన్నట్టు. ఒక్కొక్కటిగా తిరిగి చేరుస్తూ ప్రతిసారీ ఆన్ చేసి చూస్తే దోషి బయటపడుతుంది. రెండు భాగాలు ఒకేసారి చేర్చితే ఈ పద్ధతికి అర్థమే లేదు.

రాకపోతే ర్యామ్‌ను స్లాటు మార్చి, రెండు ర్యామ్‌లుంటే వంతులవారీగా పెట్టి చూస్తారు. తర్వాత బయాస్ సెట్టింగులను చెరిపేసే సీమాస్ క్లియర్: కరెంటు పూర్తిగా తీసి, సీఆర్2032 బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, కొన్ని నిమిషాలు ఆగి తిరిగి పెట్టాలి, లేదా బోర్డు మీది జంపర్ వాడాలి. కొత్త బోర్డుకు దీని అవసరం అరుదు. దుకాణంలో ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి పరీక్షించిన బోర్డైతే ఉపయోగపడవచ్చు.

ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించడానికి ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలపడం అందరికీ తెలిసిన పద్ధతి. ఫ్యాను తిరిగితే స్టాండ్‌బై, ప్రారంభ విభాగాలు బతికే ఉన్నాయని మాత్రమే తెలుస్తుంది. భారం మీద వోల్టేజీ నిలుస్తుందో లేదో తెలియదు. యంత్రం ఆన్‌లో ఉండగా మల్టీమీటర్‌తో చూస్తే 12 వోల్టుల తీగ 11.4–12.6, 5 వోల్టులది 4.75–5.25, 3.3 వోల్టులది 3.14–3.47 మధ్య ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకూడదు. అందులోని కెపాసిటర్లు 300 వోల్టులకు పైగా నిల్వ చేసుకుంటాయి, ప్లగ్ పీకాక కూడా కొంతసేపు అలాగే ఉంటాయి.

సంకేతాలు: బీప్‌లు, దీపాలు, కోడ్‌లు

బీప్‌లు వినాలంటే బోర్డుకు చిన్న స్పీకర్ ఉండాలి. ఇప్పటి బోర్డులతో, క్యాబినెట్లతో అది చాలావరకు రావడం లేదు. సర్వీసు చేసేవారు ఒకటి జేబులో ఉంచుకుంటే పనికొస్తుంది. ఏఎంఐ బయాస్ సంప్రదాయంలో 1 నుంచి 3 బీప్‌లు మెమరీకి, 5 ప్రాసెసర్‌కు, 8 గ్రాఫిక్స్‌కు సంబంధించినవి. అవార్డ్ బయాస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు గ్రాఫిక్స్ లోపం. కొత్త బోర్డుల్లో ఈ అర్థాలు మారుతుంటాయి కాబట్టి బోర్డు పుస్తకమే ప్రమాణం.

బీప్‌ల స్థానంలో నాలుగు చిన్న దీపాలు వచ్చాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. ఆసుస్ వీటిని క్యూ-ఎల్ఈడీ అని, ఎంఎస్ఐ ఈజీ డీబగ్ ఎల్ఈడీ అని పిలుస్తాయి. ఒక్కో దశలో ఒక్కోటి వెలిగి ఆరుతుంది. ఏది వెలిగి ఆగిపోతే ఆ దశ దాటలేదన్నమాట. డీర్యామ్ దీపం వెలిగిందని ర్యామే చెడిందనుకోకూడదు. ఆ దశ తప్పడానికి సాకెట్ పిన్ను, ప్రాసెసర్, బయాస్ కూడా కారణం కావచ్చు. బూట్ దీపం దగ్గర ఆగితే డిస్‌ప్లే దశ దాటినట్టే. ఖరీదైన బోర్డుల్లో రెండంకెల కోడ్ కూడా కనిపిస్తుంది. ఏఎంఐ ఫర్మ్‌వేర్‌లో 55 అంటే మెమరీ కనపడలేదని, డీ6 అంటే బొమ్మ చూపే పరికరం దొరకలేదని అర్థం.

కరెంటు, ఎర్తింగు

స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతానికి విద్యుత్ సరఫరా హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ డిస్కం పరిధిలోనిది. ఇంట్లోని మూడు పిన్నుల సాకెట్‌కు నిజంగా ఎర్తు ఉందా అన్నది మాత్రం ఇంటి వైరింగు మీద ఆధారపడుతుంది. ఎర్తు లేనిచోట ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద సుమారు సగం వోల్టేజీ తేలుతుంది. కరెంటు స్వల్పమే గనుక చేతికి జిల్లుమని మాత్రమే అనిపిస్తుంది. అయితే కంప్యూటర్, మానిటర్ రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే పోర్టు దెబ్బతినే అవకాశం ఉంది. రెండింటినీ ఆఫ్ చేశాకే కేబుల్ పెట్టాలి.

పాత ఎస్‌ఎంపీఎస్‌లు కొన్నింటికి వెనుక 115/230 అనే ఎర్ర స్విచ్ ఉంటుంది. మన దేశంలో అది 115 మీద ఉండగా ప్లగ్ పెడితే పేలుతుంది. అట్టపెట్టె మీద 450 వాట్లని రాసి, అందులో సగమైనా నిలకడగా ఇవ్వలేని చవక రకాలు మార్కెట్లో ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు తీసేస్తే డిస్‌ప్లే వచ్చి, పెడితే పోతుంటే కార్డుకన్నా ముందు వీటిని అనుమానించాలి.

వారంటీ, వాపసు

లోపాన్ని ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడింటి మధ్యకు కుదించి, అంతకుమించి ఇంట్లో తేల్చలేనప్పుడు ఆ మూడింటినీ కలిపే దుకాణానికి తీసుకెళ్లాలి. క్యాబినెట్ అవసరం లేదు. బరువైన కూలర్‌ను విడిగా ప్యాక్ చేయాలి. ప్రాసెసర్ తీస్తే సాకెట్ మీద ప్లాస్టిక్ మూత తిరిగి పెట్టాలి. బోర్డుతో వచ్చిన ఆ మూతను మొదటిరోజే పారేసేవారు ఎక్కువ. అది లేకుండా వారంటీకి తీసుకోబోమని కొన్ని కంపెనీల సర్వీసు కేంద్రాలు తిప్పిపంపుతాయి. వంగిన సాకెట్ పిన్నులు సాధారణంగా వారంటీ కిందకు రావు. అందుకే బోర్డు కొన్నప్పుడు దుకాణంలోనే మూత తీయించి పిన్నులు చూసుకోవడం, ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు పెట్టె విప్పుతూ వీడియో తీసుకోవడం ఆనవాయితీగా మారింది.

బాక్స్‌లో వచ్చిన ప్రాసెసర్లకు, చాలా బోర్డులకు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. బాక్స్ లేకుండా చవకగా దొరికే ‘ట్రే’ ప్రాసెసర్లకు ఆ వారంటీ తయారీదారు నుంచి కాక అమ్మినవారి నుంచే రావాలి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోకపోతే ఈ రెండో రకంలో అడగడానికి ఆధారం ఉండదు.